బోరు మన పేరు మీదనే పడాలి

(శంకరపల్లి మండలంలోని ఒక పల్లెలో, అంబేద్కర్ విగ్రహం దగ్గర జరిగిన రాత్రి సభలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన మాటను ఎక్కువగా దిద్దకుండా అచ్చువేస్తున్నాం.)

సభకు అధ్యక్షత వహిస్తున్న అన్నకు, పొద్దుందాక కూలికి పోయి వచ్చి, పొయ్యి మీద కుండ దించి ఇటే నడిచొచ్చిన అక్కలకు, అవ్వలకు, రెండు వాడల తమ్ముళ్ళకు జై భీమ్.

నన్ను పిలిచింది బోరు గురించి మాట్లాడమని. బస్సు దిగి నడిచి వస్తుంటే ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, ఉద్యమం మీటింగుల బోరు ముచ్చటేంది? బోరుబండోణ్ణి పిలిస్తే సరిపోవు గదా?" అని. సరిగ్గానే అడిగిండు. బోరుబండి వాడు బండకు తొర్ర కొట్టి పైసలు తీసుకొని పోతడు. ఆ తొర్ర ఎవరి పేరు మీద పడింది, అందులో నుంచి వచ్చే నీళ్ళ మీద ఎవరి పెత్తనం, రేపు ఆ భూమి ఎవరికి పోతుంది అనేది వాడి పని కాదు. అది మన పని.

మీ ఊరి సంగతి నాకు చెప్పిన్రు. పడమటి దిక్కున మనవాళ్ళకు లావణి పట్టా భూములున్నాయి. ఎర్ర చెలకలు. వాన పడితే ఇంత కంది, ఇంత జొన్న. పడకపోతే పడావు. ఇప్పుడు పట్నం నుంచి ఒక పెద్దమనిషి దిగిండు. "బోరు ఖర్చు నాది, మోటరు నాది, నెలనెలా మీ చేతుల పైసలు పెడత. మీ మడికి తడికి ఇన్ని నీళ్ళు, మిగిలినవి నా ట్యాంకర్లకు" అంటున్నడట. స్టాంపు కాగితం కూడా తెచ్చిండట. నలుగురు ఒప్పుకున్నరు, ముగ్గురు వద్దంటున్నరు, మిగిలినోళ్ళు అటూ ఇటూ చూస్తున్నరు. ఇదీ సంగతి.

దీనికి జవాబు చెప్పేముందు మా ఇంటి కథ చెప్పాలి. ఎందుకంటే మీకు ఇప్పుడు వచ్చిన పరీక్ష మాకు ముప్పై, నలభై ఏండ్ల కింద వచ్చింది. మేము తప్పినం.

మా ఊరు గచ్చిబౌలికి ఆవల. ఇయ్యాల అక్కడ ఊరనేది లేదు, అద్దాల మేడలున్నాయి. ఎమర్జెన్సీ రోజుల్లో ఇరవై సూత్రాల కార్యక్రమమని భూములు పంచినప్పుడు మా నాయినకు రెండెకరాలకు లావణి పట్టా ఇచ్చిన్రు. భూమి అంటే భూమి కాదు, గుండ్ల నడుమ ఇంత మన్ను. అయినా మా నాయిన దానికి గెట్టు పెట్టి, రాళ్ళు ఏరి, మూడేండ్లు అరిగోస పడ్డడు. ఒక్క బాయి ఉంటే చాలు అనుకున్నడు. లోన్ కోసం ఒక ఆఫీసుకు పోతే, "కరెంటు లైను ఎక్కడ ఉందిరా, లైను లేని భూమికి బాయి ఎందుకు?" అన్నరు. కరెంటోళ్ళ దగ్గరికి పోతే, "బాయి ఎక్కడ ఉంది, బాయి లేని భూమికి కరెంటు ఎందుకు?" అన్నరు. ఈ రెండు ఆఫీసుల నడుమ మా నాయిన చెప్పులు అరిగినయి. చెప్పులు కుట్టే మనిషికే చెప్పులు అరగడం అంటే చూడండి.

బాయి పడలేదు. భూమి ఎండింది. పహాణీలో ఏటేటా ఒక్కటే మాట రాసిన్రు: పడావు. మా నాయినకు చదువు రాదు. ఆ మాట తనను ఏదో ఒకనాడు కరుస్తుందని తెలియదు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధానమంత్రి వాజ్‌పేయి వచ్చి ప్రారంభించిండు. అప్పటిదాకా గుట్టలు, గుండ్లు అని ఎవరూ కన్నెత్తి చూడని భూములకు రెక్కలొచ్చినయి. ఆ తర్వాత కొన్నాళ్ళకే మాకు నోటీసు. అందులో ఏముందంటే: పట్టా షరతు ప్రకారం సాగు చేయలేదు గనుక పట్టా ఎందుకు రద్దు చేయకూడదో చెప్పుము. సాక్ష్యం? పహాణీ. పడావు, పడావు, పడావు. నీళ్ళు ఇయ్యనోడే సాగు చేయలేదని రాసిండు, రాసినోడే భూమి గుంజుకున్నడు.

ఆ తర్వాత, 2004లో, మన ఈ చేవెళ్ల డివిజన్ కేసులోనే హైకోర్టు పెద్ద బెంచి ఒక తీర్పు ఇచ్చింది. అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం పేర వెనక్కి తీసుకున్నా, పట్టాదారుకు ఇచ్చినట్టే అసైనీకి కూడా మార్కెట్ ధర కట్టియ్యాలన్నది. మంచి తీర్పే. కానీ తీర్పు వచ్చేనాటికి మా గెట్టు మీద బుల్డోజరు తిరిగి ఏండ్లయింది. 2023 ఆగస్టులో అక్కడికి కూతవేటు దూరంలో, కోకాపేటలో, ప్రభుత్వం వేలం పెడితే ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. మా నాయిన బతికి లేడు. ఉంటే ఆ అంకె ఆయనకు ఎట్లా చెప్పేటోణ్ణో నాకు తెలియదు. ఆయన అడిగింది ఒక బాయి.

ఇప్పుడు మా చెల్లె అక్కడ ఒక కంపెనీలో ఊడ్చే పనికి పోతది. ఎండకాలం వస్తే ఆ గేటు ముందు పొద్దున్నే ట్యాంకర్ల వరస ఉంటదంట. 2024 ఎండకాలంలో కొండాపూర్, మాదాపూర్, మణికొండ దిక్కు బోర్లన్నీ ఒట్టిపోయి అపార్టుమెంటోళ్ళు ట్యాంకర్ల కోసం పొద్దుమాపు ఎదురుచూసిన సంగతి మీరు పేపర్లలో చదివిన్రు. ఆ ట్యాంకర్లలో నీళ్ళు ఆకాశం నుంచి రాలేదు. చుట్టూ ఉన్న పల్లెల చెలకల నుంచి వచ్చినయి. నిన్న మా భూమి కావలసి వచ్చింది, ఇయ్యాల మీ భూమి కింద నీళ్ళు కావలసి వచ్చినయి. అదే పట్నం, అదే దాహం. మీ దగ్గరికి వచ్చిన పెద్దమనిషి కొత్తోడు కాదు.

నీళ్ళకు మనకు ఉన్న సంబంధం ఏమిటో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఊరి చెరువు తూము ఎత్తి, దింపి, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసింది ఎవరు? నీరటి. నీరటి ఏ వాడ మనిషి? మన వాడ మనిషే. రాత్రి వానలో కట్ట తెగకుండా కావలి కాసింది మనమే. మోటబాయి మీద నీళ్ళు తోడిన తోలు బొక్కెన ఎవరు కుట్టిన్రు? మాదిగోళ్ళు. చచ్చిన గొడ్డును మోసుకపోయి, తోలు తీసి, లందలో ఊనబెట్టి, కుట్టి ఇస్తే పటేలు బాయిలో నీళ్ళు పైకి వచ్చినయి. అది కూడా వెట్టికి. మన చేతి తోలు బాయిలో మునిగితే మైల లేదు, మన చేతి చెంబు మునిగితే మైల. ఈ లెక్క ఏ శాస్త్రంలో ఉందో శాస్త్రాలు రాసినోళ్ళే చెప్పాలి.

బాబాసాహెబ్ మొదటి పెద్ద పోరాటం దేని మీద? నీళ్ళ మీద. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువులో దిగి దోసిలితో నీళ్ళు తాగిండు. వాళ్ళేం చేసిన్రు? పేడ, మూత్రం కలిపిన 108 కుండలు పోసి చెరువును శుద్ధి చేసిన్రు. ఆ చెరువు మీద మనకు హక్కుందని బొంబాయి హైకోర్టు చెప్పడానికి 1937 దాకా పట్టింది. మన దగ్గర కారంచేడు సంగతి? 1985 జూలైలో మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళను పాడుచేయొద్దని మనవాళ్ళు నోరు తెరిచినందుకు మరునాడు ఊరు ఊరంతా దండెత్తి ఆరుగురిని చంపింది. దళిత మహాసభ అక్కడ నుంచే పుట్టింది. అందుకే తమ్ముడూ, ఉద్యమం మీటింగులో నీళ్ళ ముచ్చట తప్ప వేరే ముచ్చట ఏముంటది?

సరే. ఇప్పుడు ఆ స్టాంపు కాగితం దగ్గరికి వద్దాం.

మొదలు లెక్క చూడండి. మన దిక్కు ఏడాదికి వాన సుమారు 800 మిల్లీమీటర్లు. ఎకరం మీద పడ్డ ఆ వానంతా పోగుచేస్తే 32 లక్షల లీటర్లు. మనది బండ నేల. అందులో భూమి లోపలికి దిగేది పదో వంతుకు అటూ ఇటూ. అంటే 3 లక్షల చిల్లర. ఒక ట్యాంకరుకు 5 వేల లీటర్లు పడితే, ఎకరం భూమి ఏడాదంతా తాగిన నీళ్ళు 65 ట్యాంకర్లు. ఆ పెద్దమనిషి రోజుకు పది ట్యాంకర్లు నింపుతనంటున్నడు. అంటే ఒక్క వారంలో మీ ఎకరం ఏడాది నీళ్ళు ఖతం. ఎనిమిదో రోజు నుంచి తోడేది ఎవరి నీళ్ళు? పక్క గెట్టు అన్నవి. వాడకట్టు చేతిపంపువి. వంద రోజులు తోడితే 50 లక్షల లీటర్లు. ఒక ఎకరం వరి పండే నీళ్ళు పోయి అపార్టుమెంటు బాత్రూముల్లో పడతయి. మీకు నెలకు ఇచ్చే పైసలు రెండు ఎండకాలాలు వస్తయేమో. మూడో ఎండకాలం బోరు దుమ్ము కక్కుతది. అప్పుడు ఆయన మోటరు ఇప్పుకొని ఇంకో ఊరికి పోతడు. మనం ఇక్కడే ఉంటం.

ఇది నీళ్ళ నష్టం. దీనికంటే పెద్దది భూమి నష్టం. అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, 1977లో వచ్చిన 9వ నంబరు చట్టం, ఏమంటుందో విన్నోళ్ళు తక్కువ. అసైన్డ్ భూమిని అమ్మడమే కాదు, కుదువ పెట్టడం, దానమియ్యడం, కౌలుకియ్యడం, అన్నీ బదిలీ కిందకే వస్తయి. ఆ కాగితం మీద "ఒప్పందం" అని రాసినా, "సహకారం" అని రాసినా, చదివే అధికారికి అది కౌలు. మొదటిసారి తప్పు దొరికితే భూమి తిరిగి మనకే అప్పజెప్పొచ్చు. రెండోసారి దొరికితే సర్కారుకు జమ. ఆ నోటీసు పెద్దమనిషికి రాదు, మనకే వస్తది. మా నాయినకు పడావు అనే మాట మీద వచ్చింది, మీకు కౌలు అనే మాట మీద వస్తది. అంతే తేడా.

బోరు వద్దని నేను అంటలేను. బోరు కావాలి. మన పేరు మీద కావాలి. ధరణి వచ్చినప్పుడు 2020లో అనుభవదారు కాలమ్ తీసేసిన్రు. భూమి మీద ఎవడు ఉన్నడు, ఎవడు దున్నుతున్నడు అనే సాక్ష్యం రికార్డులోంచి మాయమైంది. 2025లో భూభారతి అని కొత్త చట్టం తెచ్చిన్రు. పేర్లు మారతయి, ఆఫీసు బల్ల మారదు. అందుకని మన చేతిలో మన సాక్ష్యం ఉండాలి. మన పేరు మీద బోరు పర్మిషన్ కాగితం, మన పేరు మీద కరెంటు సర్వీసు నంబరు, ఈ రెండూ ఉంటే "నువ్వు సాగు చేయలేదు" అని అనడానికి ఎవడికైనా నోరు రాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం రేపు ఏ రోడ్డుకో తీసుకున్నా భూమికే కాదు, భూమికి అంటిన బాయికి, బోరుకు, చెట్టుకు కూడా లెక్క కట్టాలి. బోరు ఆయన పేరు మీద ఉంటే ఆ లెక్క ఆయనది.

ఎట్లా వేయాలి? వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. బోరుకు ముందు దరఖాస్తు పెట్టాలి. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు పడొద్దు. ఇది మన వాడ చేతిపంపును కాపాడే నిబంధన. పెద్దమనిషి చూపెట్టిన జాగ కొలిచిన్రా? నేను సాయంత్రం నడిచి చూసిన. టేపు లేదు గనుక అంకె చెప్పను, కానీ నా అడుగులకు దగ్గరగానే ఉంది. రేపు టేపు పట్టి కొలవండి. అర్ధరాత్రి వచ్చే బోరుబండి ఉంటది చూడండి, అది చట్టం కండ్లు మూసినప్పుడు వచ్చే బండి. దాన్ని పిలవొద్దు.

జాగ చూపడానికి కొబ్బరికాయ పట్టేటోడు వస్తడు, వేపపుల్ల పట్టేటోడు వస్తడు. కాయ నిలబడ్డ చోట పైసలు పెట్టి మునిగిన ఇండ్లు నాకు చాలా తెలుసు. భూగర్భజల శాఖ జియాలజిస్టును అడగండి. ఆయన కరెంటు మీటరు పెట్టి చూస్తడు. అది కూడా పక్కా అని నేను చెప్పను. మన కింద ఉన్నది గ్రానైటు. పైన ఎర్రమన్ను, దాని కింద మొరం, పుచ్చురాయి, ఆ తర్వాత గట్టి బండ. నీళ్ళు మొరంలో ఉంటయి, లేకుంటే బండలో పగుళ్ళలో ఉంటయి. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. పది గజాల అవతల తగలొచ్చు.

బండి వచ్చిన నాడు ఇంటికో మనిషి అక్కడే ఉండాలి. అక్కలు కూడా ఉండాలి. వీళ్ళకు లెక్క బాగా వస్తది. రాడ్డు ఎంత పొడుగో మొదలే కొలవండి, ఎన్ని దిగినయో కట్టెకు గాటు పెట్టుకోండి. కేసింగ్ పైపు గట్టి బండ తగిలేదాకా దిగాలి. తక్కువ దింపి ఎక్కువ రాస్తరు, చూసుకోండి. దుమ్ము రంగు చూడండి. తెల్లగా, బూడిద రంగుగా వస్తున్నంతసేపు బండ నడుస్తున్నట్టు. గోధుమ రంగు మారి తడి తగిలిందంటే పగులు దగ్గరికి వచ్చింది.

అన్నిటికంటే ముఖ్యం ఇంకొకటుంది. ఎంత లోతుకు ఆపాలో ఇంటి దగ్గరే, బండి రాకముందే, తీర్మానం చేసుకోండి. లోతు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతది. అర్ధరాత్రి దుమ్ములో నిలబడి ఉన్నప్పుడు బండోడు "ఇంకో నూరడుగులు పోదామా అన్నా, పడేటట్టే ఉంది" అంటడు. అప్పుడు మన కడుపులో ఆశ తిరుగుతది. తెలంగాణల పురుగులమందు తాగిన రైతుల అప్పుల లెక్క తీస్తే అందులో ఆ "ఇంకో నూరడుగులు" ఎన్నో ఉంటయి. ఆగుడు కూడా నేర్చుకోవాలి. నీళ్ళు పడని బోరును ఆ రోజే పూడ్చండి, మూత వేయండి. మనకు దగ్గర్లనే, చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో, 2017 జూన్‌లో ఏడాదిన్నర బిడ్డ మూత లేని బోరులో పడి చచ్చిపోయింది. మూతలు వేయాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

ఇక పైసలు. మనోళ్ళ భూముల్లో బావులు తవ్వడానికి 1988-89లో జీవన్‌ధార వచ్చింది, బోర్లకు 2011లో ఇందిర జలప్రభ వచ్చింది. 2014లో మూడెకరాల పథకం వచ్చినప్పుడు బోరు, మోటరు కూడా ఇస్తామన్నరు. ఎవరికి వచ్చినయి, ఎవరికి రాలేదు అనేది మీ ఊరి ముచ్చట, మీకే తెలుసు. కాబట్టి పథకం కోసం దరఖాస్తు పెట్టండి, దాని మీదనే కూర్చోకండి. చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని బ్యాంకుకు, సహకార సంఘానికి కుదువ పెట్టొచ్చు. మనిషికి మాత్రం పెట్టొద్దు. పక్కపక్క గెట్టుల నాలుగు ఇండ్లు కలిసి ఒక బోరు వేయండి. ఎవరి జాగలో పడింది, ఎవరి వంతు ఏ పూట, మోటరు కాలితే ఎవరెంత అనేది కాగితం మీద రాసుకోండి. మనలో మనం అని రాసుకోకపోతే, బోరు నీళ్ళు రాకముందే కొట్లాట నీళ్ళు వస్తయి. వర్గీకరణ మీద రెండు వాడలకు ఎన్ని వాదాలైనా ఉండొచ్చు. బండ కింద పగుళ్ళు మాల చెలక, మాదిగ చెలక అని చూసి ఆగవు.

వరి పెట్టకండి. బోరు పడంగానే వరి అనే ఆశ మనకు ఉంటది, మన పిల్లలు మన బియ్యం తినాలని. నాకు ఆ ఆశ అర్థమైతది. కానీ ఒక బోరుతో నాలుగు ఇండ్లు బతకాలంటే పాలకూర, కొత్తిమీర, వంకాయ, బంతిపూలు. కొనేటోళ్ళు గంట దూరంలోనే ఉన్నరు గదా.

ఇందాక ముందు వరసలో అక్క ఒక ప్రశ్న వేసింది. మైకు లేదు గనుక అందరికీ వినబడలేదు. నేను చెప్తా. "ఇరవై ఏండ్ల నుంచి ఎవడూ బోరు వెయ్యలేదు. ఇప్పుడు ఎవడో వేస్తనంటే వద్దనమంటవు. మేము సొంతంగ వేస్తే పడకపోతే ఆ అప్పు నువ్వు కడతవా?" అన్నది. అక్కా, కట్టలేను. పడుతదని హామీ కూడా ఇవ్వలేను. ఆ పెద్దమనిషి వేసినా పడుతదని హామీ లేదు. ఆయనకు పడకపోతే పైసలు పోతయి. నీకు పడ్డా పడకపోయినా సంతకం చేసిన కాగితం మిగులుతది. నువ్వు వేస్తే పడకపోతే అప్పు మిగులుతది, భూమి కూడా మిగులుతది. నేను చెప్పగలిగింది ఇంతవరకే. నీ భయం తప్పు అని మాత్రం అనను. మా అవ్వ కూడా మా నాయినతోని ఇదే భయం చెప్పింది.

సంతకం పెట్టిన నలుగురిని ఎవరూ మాట అనకండి. ఇంట్ల బిడ్డ పెండ్లి ఉన్నోడు ఒకరు, దవాఖాన అప్పు ఉన్నోడు ఒకరు. కాగితం ఇంకా రిజిస్ట్రీ కాలేదు, పైసలు చేతికి రాలేదు అని చెప్పిన్రు. అట్లయితే ఆ కాగితం నకలు నాకు ఇయ్యండి, వకీలుకు చూపిస్త.

సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు బడి దగ్గర కలుద్దాం. లావణి పట్టా ఉన్న ప్రతి ఇంటి నుంచి ఒక్కరు, పట్టా కాగితం, పాస్‌బుక్కు, ఆధార్ నకలు తెచ్చుకోండి. పాత పహాణీ నకళ్ళు ఎవరి సందుగల ఉన్నా తీయండి, చెదలు తిన్నా సరే. తహసీల్దారు ఆఫీసుకు అందరం కలిసే పోదాం, దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకొని వద్దాం. రసీదు ఇయ్యకుండా లేవొద్దు. టేపు ఉన్న తమ్ముడు ఆదివారం నాడే చేతిపంపు నుంచి కొలిచి పెట్టాలి. సద్దులు కట్టుకొని రండి, ఆలస్యమయ్యేటట్టుంది.

జై భీమ్.